పది ప్రశ్నల ‘ఏస్’ ఫారం: హాస్టల్ పిల్లల చేతికి ఇవ్వొచ్చా?

వస్తువు ఒక పేజీ ఫారం. పది ప్రశ్నలు. అవునంటే ఒకటి, కాదంటే సున్నా. కింద కూడితే వచ్చేదే స్కోరు. డబ్బులేం పెట్టక్కర్లేదు, నెట్‌లో దొరుకుతుంది, జిరాక్స్ ఖర్చు మాత్రం మనదే. పేరు ఏస్. అడ్వర్స్ చైల్డ్‌హుడ్ ఎక్స్‌పీరియన్సెస్ అనే పొడుగు పేరుకు పొట్టి రూపం. పద్దెనిమిదేళ్లు నిండేలోపు ఇంట్లో ఎన్ని రకాల హింస, నిర్లక్ష్యం, గొడవ మీద పడ్డాయో లెక్కపెట్టే ఫారం అన్నమాట.

నేను పాలమూరు వైపు ఒక ప్రభుత్వ బాలికల హాస్టల్లో వార్డెన్‌ని. మా పిల్లల్లో చాలామంది తండాల నుంచి, వలస పోయే ఊళ్ల నుంచి వస్తారు. పొలం పనులు అయిపోగానే అమ్మానాన్నలు బొంబాయికో పుణెకో బస్సెక్కుతారు. పిల్లలు హాస్టల్లోనో, సెలవులొస్తే అవ్వ దగ్గరో ఉంటారు. ఇలాంటి చోట పనిచేసే మాకు ఒక ట్రైనింగ్‌లో ఈ ఫారం చేతిలో పెట్టారు. ఏ సంస్థ పెట్టిందన్నది ఇక్కడ అనవసరం. చెప్పింది మాత్రం ఇది: ‘‘ప్రతి పిల్లతోనూ నింపించండి. నాలుగు, ఆపైన వచ్చిన పిల్లల పేర్లు ఎక్సెల్ షీట్‌లో పంపండి. వాళ్లు హై రిస్క్.’’ భోజనాల తర్వాత సెషన్, చల్లటి హాలు. అందరూ తలూపారు.

నేను కాగితాలు తెచ్చుకుని ముందు చదివాను, తర్వాత నేనే నింపుకున్నాను, దాని వెనక కథేంటో వెతికాను. పిల్లలకు మాత్రం ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో చెప్పడానికే ఈ రివ్యూ.

ముందు మంచి చెప్పుకోవాలి. ఇది గాలిలోంచి ఊడిపడ్డ ఫారం కాదు. అమెరికాలో శాన్ డియాగో అనే ఊళ్లో కైసర్ పర్మనెంటే అనే పెద్ద ఆరోగ్య సంస్థ ఉంది. అక్కడ ఊబకాయానికి వైద్యం చేస్తున్న డాక్టర్ విన్సెంట్ ఫెలిట్టికి ఒక చిక్కు ఎదురైంది. బరువు బాగా తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేసి వెళ్లిపోతున్నారు. ఎందుకని కూర్చోబెట్టి అడిగితే, చాలామంది చిన్నతనంలో తమ మీద జరిగిన లైంగిక దాడి గురించి చెప్పారు. అక్కడి నుంచి మొదలై, రాబర్ట్ ఆండా అనే మరో డాక్టర్‌తో కలిసి ఆయన 1998లో ఒక అధ్యయనం అచ్చేశారు. 9,508 మంది పెద్దవాళ్లు జవాబులిచ్చారు. తర్వాత ఆ సంఖ్య 17 వేలు దాటింది. ఒక్క రకం కష్టం కూడా పడనివాళ్లతో పోలిస్తే, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రకాలు పడ్డవాళ్లలో తాగుడు, మత్తుమందులు, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువ కనిపించాయి. మాకు చెప్పిన ‘నాలుగు’ అక్కడిది.

ఈ ఒక్క విషయానికి ఈ ఫారానికి దండం పెట్టొచ్చు. ‘చిన్నప్పటి సంగతులు చిన్నప్పుడే పోతాయి, పెళ్లయితే అన్నీ మర్చిపోతది’ అనే మాటను లెక్కలతో కొట్టేసింది. ఆ జవాబులిచ్చినవాళ్లు ఎక్కువమంది తెల్లవాళ్లు, కాలేజీ గడప తొక్కినవాళ్లు, ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు. హింస అంటే పేదల ఇళ్లలో, తాగుబోతుల ఇళ్లలోనే అనుకునేవాళ్లకు అదీ ఒక జవాబే.

అయితే ఒక మాట గమనించండి. జవాబులిచ్చినవాళ్లు పెద్దవాళ్లు. ఎప్పుడో దాటొచ్చిన బాల్యాన్ని తలుచుకుని, ఇంటికి పోస్టులో వచ్చిన ఫారంలో, సొంత ఇష్టంతో రాశారు. పిల్ల రాయలేదు. అదే ఇంటికి దసరా సెలవులకు తిరిగి వెళ్లాల్సిన పిల్ల అసలే రాయలేదు.

నా ఆఫీసు టేబుల్ మీద కాగితాలు చూసి ఒక పదో తరగతి అమ్మాయి మొదట అడిగిన మాట: ‘‘మేడం, ఇది ఎన్ని మార్కులకు?’’ పదికి అని నేను చెప్పేలోపే రెండో ప్రశ్న చదివేసింది. ఇంట్లో పెద్దవాళ్లు తోయడం, చెంపదెబ్బ కొట్టడం, వాతలు తేలేలా కొట్టడం గురించిన ప్రశ్న అది. ‘‘మా నాయినది ఒక్కటే రాయాల్నా మేడం, సార్లది గూడ రాయాల్నా?’’ అంది. మామూలుగానే అడిగింది, బస్సు ఎన్నింటికి అని అడిగినట్టే. కాగితం తీసి సొరుగులో పెట్టాను.

ఆ పిల్ల అడిగింది ఈ ఫారంలో ఉన్న పెద్ద కంత గురించే. ఏస్ ఫారం గడప దాటదు. ఇంట్లో తిడితే ఒకటి, ఇంట్లో కొడితే ఒకటి. బడిలో బెత్తంతో కొడితే సున్నా. కులం పేరుతో వెనక బెంచీలో కూర్చోబెడితే సున్నా. బస్సులో, ట్యూషన్‌లో, కూలికెళ్లిన చోట ఏం జరిగినా, లైంగిక దాడి తప్ప, సున్నా. 2007లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ మంత్రిత్వ శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగి ఒక అధ్యయనం చేయించింది. ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్లే. బడికెళ్లేవాళ్లలోనూ మూడింట రెండొంతుల మంది బడిలో దెబ్బలు తిన్నామన్నారు. సగం కన్నా ఎక్కువ మంది, 53.22 శాతం, ఏదో ఒక రకం లైంగిక వేధింపు జరిగిందన్నారు. ఎక్కువగా ఉన్న రాష్ట్రాల పేర్లలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. తర్వాత 2009 విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. బెత్తాలు అయితే ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

అదే అధ్యయనంలో, లైంగిక వేధింపు జరిగిందన్న పిల్లల్లో సగం కన్నా కాస్త ఎక్కువమంది మగపిల్లలు. ఆ రోజు ట్రైనింగ్‌లో మగపిల్లల హాస్టళ్ల వార్డెన్లు వెనక వరసల్లో కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు, ఇదేదో ఆడపిల్లల గొడవ అన్నట్టు.

ఇక ప్రశ్నల్లోకి వెళ్దాం. అన్నీ చెప్పను, మా దగ్గర బెడిసికొట్టేవి మాత్రం చెప్తాను.

మూడో ప్రశ్న లైంగిక దాడి గురించి. చేసినవాడు పెద్దవాడై ఉండాలి, లేదా కనీసం ఐదేళ్లు పెద్దయినా అయి ఉండాలి. మూడేళ్లే పెద్దవాడైన, ఇంకా పద్దెనిమిది నిండని బావ లెక్కలోకి రాడు. ఐదో ప్రశ్నలో సరిపడా తిండి లేకపోవడం, మాసిన బట్టలు వేసుకోవడం ఉంటాయి. ఎండాకాలం మంచినీళ్లకే బిందెలు మోసే తండాలో మాసిన బట్టలు తల్లి నిర్లక్ష్యమా? ఆ ప్రశ్న పేదరికాన్నీ నిర్లక్ష్యాన్నీ ఒకే గంపలో వేస్తుంది. ఆరోది, మాకిచ్చిన కాపీలో, అమ్మానాన్నలు విడిపోయారా, విడాకులు తీసుకున్నారా అని. నాన్న చనిపోతే? గడి లేదు. ఇద్దరూ కలిసే ఉన్నారు కానీ ఏడాదిలో ఎక్కువ నెలలు బొంబాయిలో ఉన్నారు, దానికి? గడి లేదు. ఎనిమిదోది ఇంట్లో తాగుబోతు ఉన్నాడా అని. బెల్టు షాపు లేని ఊరు చూపించండి, అప్పుడు ఆ ప్రశ్నకు తేడా తెలుస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు కూడా ఈ ఇబ్బంది తెలిసినట్టుంది. ఏస్-ఐక్యూ (ఐక్యూ అంటే ఇక్కడ ఇంటర్నేషనల్ క్వశ్చనేర్) అని వేరే ఫారం తయారు చేశారు. తోటిపిల్లల ఏడిపింపు, వీధిలో హింస, యుద్ధాలు, గొడవలు అందులో చేర్చారు. ఏదైనా ఎన్నిసార్లు జరిగిందో కూడా అడుగుతుంది. పొడుగెక్కువ, కానీ నిజాయితీ కూడా ఎక్కువే. అదీ పద్దెనిమిది నిండినవాళ్లకే.

ఇంతకీ నాకు ఎంత వచ్చిందంటే, మూడు. నాన్న తాగుడు ఒకటి, అమ్మను కొట్టడం ఒకటి, మమ్మల్ని బెల్టుతో కొట్టడం ఒకటి. మూడూ నిజమే. అయితే నా బాల్యం గురించి ఆ మూడు చెప్పేది తక్కువ. నేను ఏడో తరగతిలో ఉండగా మా మేనత్త ఒక రోజు వచ్చి, మా నాన్న ఎదురుగానే నా పెట్టె సర్దించి వనపర్తి తీసుకుపోయింది. ‘‘దీన్ని నేను చదివిస్త, నీకు దమ్ముంటే ఆపు’’ అని తమ్ముడి మొహం మీదే అనేసింది. డిగ్రీ దాకా అక్కడే ఉన్నాను. ఫారంలో మా మేనత్తకు చోటు లేదు.

అసలు గొడవంతా ఇదే. ఫారం జరిగింది లెక్కపెడుతుంది. పక్కన ఎవరు నిలబడ్డారో లెక్కపెట్టదు.

ఇద్దరు పిల్లల్ని ఊహించుకోండి. వీళ్లు నా సర్వీసులో చూసిన, విన్న ఎన్నో సంగతుల్లోంచి కలిపి అల్లిన పిల్లలు, ఏ ఒక్క అమ్మాయీ కాదు. ఇద్దరికీ మూడో ప్రశ్న దగ్గర ఒకటి పడుతుంది.

మొదటి పిల్ల మీద చెయ్యేసినవాడు పక్కింటి మనిషి. పిల్ల ఆ రాత్రే అమ్మకు చెప్పింది. అమ్మ నమ్మింది. ‘నువ్వెందుకు పోయినవ్ అటు’ అని అడగలేదు. తెల్లారి మేనమామను వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు పోయింది. పిల్ల బడి మారలేదు, ఖోఖో టీం మారలేదు, పడుకునే చోటు మారలేదు. రెండో పిల్ల మీద చెయ్యేసినవాడు బాబాయి. రెండేళ్లు సాగింది. అమ్మకు చెప్తే ‘‘ఎవ్వరికి చెప్పకు బిడ్డా, ఇజ్జత్ పోతది’’ అంది. తర్వాత పెద్దమ్మ ఊరికి పంపారు, అక్కడ కుదరక అమ్మమ్మ దగ్గరికి, ఆ తర్వాత హాస్టల్‌కు. మూడు బళ్లు మారింది. పండక్కి ఇంటికి పోతే బాబాయి పక్కనే కూర్చోబెట్టి అన్నం వడ్డిస్తారు.

ఫారంలో ఇద్దరూ ఒకటే. కానీ పిల్లల దగ్గర పనిచేసే ఏ మనిషికైనా తెలుసు, రెండో పిల్లకు ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ. చేసినవాడు ఎంత దగ్గరివాడైతే అంత కష్టం. ఎన్నాళ్లు సాగితే అంత లోతు. ఎంత చిన్న వయసులో మొదలైతే అంత చేటు. ఈ వయసు సంగతి రుమేనియాలో బుకారెస్ట్ అనాథాశ్రమాల పిల్లల మీద చేసిన పరిశోధనలో బాగా తెలిసింది. 136 మంది పసిపిల్లల్లో సగం మందిని లాటరీ తీసి పెంపుడు కుటుంబాలకు ఇచ్చారు. రెండేళ్లు నిండకముందే ఇల్లు దొరికిన పిల్లలు, తర్వాత దొరికినవాళ్ల కన్నా చాలా విషయాల్లో బాగా తేరుకున్నారు. వైకల్యం ఉన్న పిల్లల మీద హింస మిగతా పిల్లల కన్నా 3.7 రెట్లు ఎక్కువని 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన మరో అధ్యయనం చెప్పింది. మా ఫారంలో వయసు గడి లేదు, వైకల్యం గడి లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ‘చెప్పాక ఏం జరిగింది’ అనే ప్రశ్న లేదు. పిల్ల నోరు తెరిచిన మొదటి ఐదు నిమిషాల్లో ఎదుటి మనిషి మొహంలో కనిపించినది ఆ పిల్ల మీద ఎంత పనిచేస్తుందో వార్డెన్ల కన్నా ఎవరికీ ఎక్కువ తెలియదు.

ఈ స్కోరు మనుషుల్ని విడివిడిగా తూచడానికి పనికిరాదన్నది ఎవరో గిట్టనివాళ్లు అన్న మాట కాదు. ఫారం పుట్టించినవాళ్లలో ఒకరైన రాబర్ట్ ఆండాయే 2020లో రాశారు. జనాభా మొత్తానికి ముప్పు ఎంతో అంచనా వేయడానికి ఇది మంచిది, ఒక్కొక్కరికీ ఏం కావాలో తేల్చడానికి వాడకండని. జిల్లా సగటు వర్షపాతం చూసి ఎవరి పొలం ఎండిందో చెప్పలేం కదా. మాకు ఎక్సెల్ షీట్ ఇచ్చినవాళ్లు ఆ సంగతి చదివినట్టు లేరు.

దీనికి తోడు చట్టం ఒకటుంది. ట్రైనింగ్‌లో దాని ఊసే రాలేదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతుందని భయం ఉన్నా, ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, జరిమానా, లేదా రెండూ. సంస్థకు బాధ్యుడైన మనిషి తన కింద పనిచేసేవాళ్ల నేరాన్ని దాస్తే ఏడాది దాకా. అంటే ఏంటి? మూడో ప్రశ్న దగ్గర ఒక పిల్ల టిక్కు పెట్టి నాకు కాగితం ఇచ్చిందంటే, ఆ క్షణం నుంచి అది సర్వే కాదు. పోలీసులకు ఫోన్ చేయాలి, చైల్డ్‌లైన్ 1098 సాయం కూడా అడగొచ్చు. ఫోన్ చేశాక ఆ పిల్ల పక్కన రాత్రి ఎవరు పడుకుంటారు, తెల్లారి ఎవరు వెంట వెళ్తారు, తల్లికి ఎవరు ఎలా చెప్తారు? నా దగ్గర కౌన్సిలర్ పోస్టే లేదు. కాగితాలు పంచి, టిక్కులు ఏరి, ఫైల్లో పెట్టుకుంటే చట్టం లెక్కలో నేను దోషిని, పిల్ల లెక్కలో అంతకన్నా పెద్ద దోషిని. ధైర్యం చేసి చెప్పింది, ఏమీ జరగలేదు. ఇంకోసారి చెప్పదు.

చట్టం చేతకానిదని మాత్రం అనను. అందులో పిల్ల వైపు నుంచి ఆలోచించిన సంగతులు చాలా ఉన్నాయి. పిల్ల ఉన్న చోటికే వచ్చి వాంగ్మూలం తీసుకోవాలి, వీలైనంతవరకు మహిళా ఎస్ఐ రావాలి, యూనిఫాం వేసుకోకూడదు. కోర్టులో మాటిమాటికీ పిలవకూడదు, నిందితుడు కంటపడకూడదు. 2020 రూల్స్‌లో ‘సపోర్ట్ పర్సన్’ అని ఒకరిని పెట్టొచ్చని ఉంది, కేసు నడిచినంత కాలం పిల్లకు, కుటుంబానికి తోడుగా ఉండే మనిషి. ఇవన్నీ సరిగ్గా జరిగిన చోట పిల్లలు కోలుకోవడం నేను చూశాను. అవి సిద్ధంగా లేనప్పుడు ప్రశ్న అడగడమే తప్పు.

పక్క మండలంలో ఒక హాస్టల్లో ఫారం పంచారు. మెస్ హాల్లో కింద కూర్చోబెట్టి, పరీక్ష రాయించినట్టు రాయించారట. పిల్లలు పక్కవాళ్ల కాగితాల్లోకి తొంగిచూసి రాశారు. ఒక వరసలో అందరికీ రెండే వచ్చాయి. సాయంత్రానికి ‘నీకెన్ని, నాకెన్ని’ అని మాట్లాడుకున్నారు. ఆ లెక్కలే పై ఆఫీసుకు వెళ్లాయి. ఇప్పుడు ఆ ఎక్సెల్ షీట్‌ని ఎవరైనా చూసి ఆ హాస్టల్లో సమస్యలు తక్కువ అనుకుంటే నేను ఆశ్చర్యపోను.

ఇక నేను దీని బదులు ఏం వాడుతున్నానంటారా? ఇంకో ఫారం ఉంది, ఇదీ ఉచితమే. ఏడు ప్రశ్నలు. చిన్నతనంలో దక్కిన మంచి గురించి అడుగుతుంది. అమెరికాలోనే విస్కాన్సిన్ రాష్ట్రంలో 6,188 మంది పెద్దవాళ్ల జవాబులతో క్రిస్టినా బెథెల్ బృందం 2019లో అచ్చేసింది. ప్రశ్నలు దాదాపు ఇలా ఉంటాయి: మనసులో మాట ఇంట్లో చెప్పుకోగలిగేదానివా? కష్టమొచ్చినప్పుడు ఇంటివాళ్లు నీ వైపు నిలబడ్డారా? ఊరి పండగల్లో, ఆచారాల్లో సంతోషంగా పాలుపంచుకున్నావా? బడిలో ‘ఇది నా బడి’ అనిపించిందా? స్నేహితులు తోడున్నారా? అమ్మానాన్న కాకుండా కనీసం ఇద్దరు పెద్దవాళ్లు నిన్ను నిజంగా పట్టించుకున్నారా? ఇంట్లో ఒక పెద్దమనిషి దగ్గర భద్రంగా అనిపించిందా? ఏడింటిలో ఆరో ఏడో ఉన్నవాళ్లలో డిప్రెషన్, మానసిక ఇబ్బందుల అవకాశం, రెండో అంతకన్నా తక్కువో ఉన్నవాళ్ల కన్నా 72 శాతం తక్కువ. ఏస్ స్కోరు ఎక్కువ ఉన్నవాళ్లలోనూ ఈ తేడా కనిపించింది.

ఆరో ప్రశ్న చదివినప్పుడు కాసేపు కాగితం కింద పెట్టేశాను. ఇద్దరు పెద్దవాళ్లు. మా మేనత్త ఒకరు, మా వనపర్తి లెక్కల టీచర్ ఇంకొకరు.

ఇదీ పెద్దవాళ్ల కోసం చేసిన ఫారమే, కాబట్టి దీన్నీ పిల్లలకు ఇవ్వను. ‘ఇంట్లో నీ వైపు ఎవరైనా నిలబడ్డారా’ అని అడిగితే లేదని రాసుకునే పిల్ల పరిస్థితేంటి? నేను చేసేదేంటంటే, ఒక్కో పిల్ల పేరు ముందు పెట్టుకుని ఈ ప్రశ్నలకు నేనే జవాబు రాసుకుంటాను. మార్కులు పిల్లకు కాదు, హాస్టల్‌కు. ఈ పిల్లకు ఇక్కడ ఇద్దరు పెద్దవాళ్లున్నారా? నేను లెక్కలోకి రాను, నేను తిట్టే మనిషిని కాబట్టి. మా వంట అక్క దగ్గర కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తూ గంటలు గంటలు మాట్లాడే పిల్లలున్నారు. ఆమెకు చదువు రాదు, ఏ ట్రైనింగ్‌కూ పిలవరు. ఎవరికి రాత్రుళ్లు పక్క తడుస్తుందో, ఎవరు ఇంటికి పోయే ముందు రోజు అన్నం తినరో నాకన్నా ముందు ఆమెకే తెలుస్తుంది. ఈసారి ట్రైనింగ్‌కు ఆమెను పంపండి అని రాసి పెట్టాను, జవాబు రాలేదు.

ఎవరి పేరు ఎదురుగా ఒక్క పెద్దమనిషి పేరు కూడా పడలేదో, ఆ పిల్లలే నా లిస్టు. నాలుగు దాటినవాళ్లు కాదు. ఆ లిస్టులో అల్లరి పిల్లలు తక్కువ. నెమ్మదస్తులు, క్లాసులో ముందుండేవాళ్లు, ఏ పని చెప్పినా చేసేవాళ్లు ఎక్కువ. వీళ్లను ఎవరూ చూడరు, ఎందుకంటే వీళ్ల వల్ల ఎవరికీ టెన్షన్ లేదు. ఒక్కొక్కరికీ ఏదో ఒక పని ముడిపెడతాం: ఒకరు పీఈటీ మేడం దగ్గర ఆట సామాను చూడాలి, ఒకరు వంట అక్కకు స్టోర్ లెక్క రాయాలి. పని పేరు చెప్పి రోజూ ఒకే పెద్దమనిషి దగ్గరికి పంపడమే అసలు ఉద్దేశం. బతుకమ్మకు పువ్వులు తెచ్చే బాధ్యత, ఆదివారం ఇంటికి ఫోన్ మాట్లాడే వంతు ఎవరికీ తప్పిపోకుండా చూడటం, ఇవి కూడా ఆ ఏడు ప్రశ్నల్లోంచే వచ్చాయి. ఆదివారం ఫోన్ లైన్లో చివర నిలబడి ‘‘నాకు మాట్లాడేది లేదు మేడం’’ అని వెనక్కి పోయే పిల్లను అప్పుడే గుర్తుపడతాం.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమీ వెర్నర్, రూత్ స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు నలభయ్యేళ్ల వయసు దాకా వెంబడించి చూశారు. రెండేళ్లు నిండేసరికే నాలుగు, అంతకన్నా ఎక్కువ ముప్పులు మీద పడ్డ పిల్లల్లో (అక్కడా నాలుగే, చూడండి) మూడింట రెండొంతుల మంది పద్దెనిమిదేళ్లలోపే చదువులోనో నడవడికలోనో మనసులోనో దెబ్బతిన్నారు. మిగతా మూడో వంతు చక్కగా పెరిగారు. వాళ్లకు తాతో అవ్వో టీచరో, ఎవరో ఒకరు గట్టిగా పట్టుకుని ఉన్నారు, ఇంట్లో వాళ్లు చేయాల్సిన పని ఒకటుంది. నాకు నచ్చింది తర్వాతి భాగం. టీనేజీలో చెడిపోయారనుకున్నవాళ్లలో చాలామంది ముప్ఫై, నలభై ఏళ్లకు నిలదొక్కుకున్నారు. కొందరికి చదువు మళ్లీ దొరికింది, కొందరికి మంచి తోడు, కొందరికి ఉద్యోగం. ‘హై రిస్క్’ అని పదమూడేళ్లకే పేరు పెట్టే ఎక్సెల్ షీట్ దీనికి ఏం జవాబు చెప్తుంది?

ఏడు ప్రశ్నల ఫారానికీ ఒక తలనొప్పి ఉంది. తట్టుకుని నిలబడటం గురించి మాట్లాడిన ప్రతిసారీ మన పెద్దమనుషులకు ఒక సాకు దొరుకుతుంది. ‘పిల్ల గట్టిది, చదువుకుంటోంది కదా, ఇంకెందుకు కేసు, కూర్చుని మాట్లాడుకుందాం’ అని పంచాయితీ పెడతారు. టెన్త్‌లో మంచి మార్కులు రావడం దెబ్బ తగల్లేదనడానికి సాక్ష్యం కాదు. మార్కులు తెచ్చుకుంటూనే రాత్రుళ్లు లైటు ఆర్పనివ్వని పిల్లలు ఉంటారు. మంచి అనుభవం జరిగినదాన్ని కొట్టేయదు, మోయడానికి బలం మాత్రం ఇస్తుంది. కేసు కేసే, తోడు తోడే. పైగా విస్కాన్సిన్ లెక్కలు కూడా ఒక్కసారి అడిగి తీసుకున్నవే, ఏది కారణం ఏది ఫలితం అని గట్టిగా చెప్పలేవు. మైకేల్ ఉంగర్ అనే కెనడా పరిశోధకుడి బృందం ఇండియాతో సహా 11 దేశాల్లో పిల్లలతో మాట్లాడి, వాళ్లే నింపేలా ఒక ఫారం తయారు చేసింది. నేను చూసినవాటిలో నిజంగా పిల్లల కోసం చేసింది అదొక్కటే. కౌన్సిలర్ ఉన్న బడులవాళ్లు అది చూడండి.

స్టార్లు ఇవ్వాలంటే ఇలా ఇస్తాను. ఏస్ ఫారానికి, పెద్దవాళ్లకు అవగాహన కల్పించడానికి అయితే నాలుగు. టీచర్లు, వార్డెన్లు, పోలీసులు ఒక్కసారి తమ బాల్యాన్ని దీంతో చూసుకుంటే పిల్లలతో మాట్లాడే తీరు మారుతుంది. ఎవరికీ చూపించక్కర్లేదు, నింపి చింపేయండి. హాస్టల్ పిల్లల చేతికి ఇవ్వడానికి అయితే ఒక్క స్టార్ కూడా దండగ. ఏడు ప్రశ్నల ఫారానికి, పిల్లల మీద కాకుండా మన మీద మనం వాడుకుంటే, నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానంటే, ఇద్దరు పెద్దవాళ్లు కావాలంటుంది కానీ ఆ పెద్దవాళ్లను ఏడాదికోసారి ట్రాన్స్‌ఫర్ చేస్తే ఏం చేయాలో చెప్పదు.

మీకూ ఈ కాగితాలు వస్తే, పంచేముందు పంపినవాళ్లకు రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా పంపండి. మూడో ప్రశ్నకు అవునని వచ్చిన పిల్ల దగ్గరికి అదే రోజు ఎవరు వస్తారు? నింపిన కాగితాలు ఎవరి బీరువాలో, ఎవరి తాళం కింద ఉంటాయి? నేను పంపిన లెటర్‌కు ‘తర్వాత తెలియజేస్తాం’ అని వచ్చింది. అప్పటిదాకా మా కట్ట సొరుగులోనే ఉంటుంది. వెనకవైపు ఖాళీగా ఉంది కదా అని పిల్లలు రఫ్ వర్క్‌కు అడుగుతున్నారు, ఇవ్వట్లేదు.